ముగ్గురాడపిల్లలు, రెండు దినములు, ఒక చిన్న సినీమా

సినీమా యనగానే మన కన్నులకు గట్టునది పెద్ద హంగామా: కన్నులు మిరుమిట్లుగొలుపు దీపములు, వందలకొలది పనివారు, లక్షల ధనము, నెలల తరబడి కాలము. కావుననే కళాశాలలో చదువుకొను పిల్ల యొకతె యింటికి వచ్చి, "అమ్మా, మేము ముగ్గురము కలిసి ఒక చిన్న సినీమా తీయాలనుకుంటున్నాము, శని, ఆదివారాలు రెండే సెలవు" అని చెప్పినచో తల్లులలో కొందరు నవ్వి యూరకుందురు, కొందరు కోపింతురు. నవ్వుటకుగాని కోపించుటకుగాని ముందు మన మాలోచింపవలసిన విషయమొకటి కలదు.

నేడు బందరు, గుడివాడ, అవనిగడ్డ ప్రాంతములలో చదువుకొను పిల్లలలో పలువురి చేతులలో కెమేరాగల ఫోను లున్నవి. అయిదు నిమిషముల చిత్రమొకటి తీయవలెనను ఉబలాటము వారికి సహజము. పలువురు మొదలుపెట్టుదురు, ముగించువారు కొందరే. దానికి కారణము సహాయకులు లేకపోవుట యనియు, వ్యవధి చాలకపోవుట యనియు చెప్పుదురు. మా యభిప్రాయ మది కాదు. ఇద్దరు ముగ్గురు మనుష్యులు, ఒకటి రెండు దినములు చిత్రమునకు లోపములు కావు. ఆ కొలతకు తగిన కథను ఎన్నుకొనకపోవుటయే లోపము. కృష్ణ డెల్టా చివర పెరుగుచున్న పిల్లలకు తగిన కథ వారి యింటి వసారాలోనే కూర్చుండియున్నది. ఆ కథకు మిగిలియున్న కాలమే కొద్ది. ఈ వ్యాసమున మేము చెప్పదలచిన దింతే.

సినీమా పుట్టుక చిన్నదే

1895వ సంవత్సరము డిసెంబరు 28వ తేదీని పారిస్ నగరమున లూమియేర్ సోదరులు రుసుము గైకొని ప్రజలకు పది చిత్రములను చూపిరి. ఒక్కొక్కటి నిమిషము లోపుననే ముగిసినది. బొమ్మ తీయుట, దానికి ప్రతి యొత్తుట, తెరమీద చూపుట అను మూడు పనులను వారి పెట్టె యొక్కటే చేసెడిది. దానిని మోయుటకు ఒక మనిషి చాలెడిది. కర్మాగారమునుండి పనివారు వెలికి వచ్చుట, పసిబిడ్డకు తల్లిదండ్రులు తినిపించుట వంటివే వారి కథలు.

ఆ ప్రదర్శనమైన యేడాదిలోనే, అదే దేశమున గోమోన్ కంపెనీలో కార్యదర్శినిగా పనిచేయుచుండిన ఆలిస్ గీ అను యువతి, తానును ఒక చిన్న కథను చిత్రించెదనని యజమాని నడిగెను. ఆఫీసు పనికి భంగము రాకుండిన యెడల చేసికొమ్మని యాయన సెలవిచ్చెను. క్యాబేజీ తోటలోనుండి దేవకన్య యొకతె పసిపాపలను తీసి చూపు నిమిషమాత్రపు చిత్రమును 1896లో తీసితినని ఆమె తన స్మృతులలో వ్రాసికొన్నది. కథాచిత్రమును నడపిన తొలి మహిళగా నేడు లోకము ఆమెను చెప్పుకొనుచున్నది. ఆమెకు దొరికినది పని ముగిసిన పిమ్మటి తీరిక మాత్రమే యని మన సోదరీమణులు గమనింతురు గాక. ఇల్లాండ్రకు ఆ తీరిక విలువ చెప్పనక్కరలేదు.

మన దేశపు మాట చూతము. దాదాసాహెబు ఫాల్కే 1912లో ఇంగ్లండునుండి కెమేరా తెచ్చుకొని, పెట్టుబడి పెట్టువారిని నమ్మించుటకై తీసినది బఠానీ మొక్క పెరుగుదల. కుండీ యెదుట కెమేరా నిలిపి, దినమున కొక్క బొమ్మ చొప్పున నెలకు పైగా తీసి, చూచువారి కన్నులయెదుట మొలక తలయెత్తి తీగ సాగినట్లు చూపెను. వేషములు లేవు, నటులు లేరు, గింజయే కథానాయిక. మరుసటి యేట వెలువడిన "రాజా హరిశ్చంద్ర"కు ఆయన భార్య సరస్వతీబాయి చేసిన సేవ మరువరానిది. రాత్రులు చీకటిగదిలో కూర్చుండి ముడి ఫిల్ముకు అంచుల వెంబడి రంధ్రములు పొడిచినది. రసాయనములు కలిపి ఫిల్మును కడిగినది. ఎండలో తెల్లని దుప్పటి పట్టుకొని నిలిచి నటుల ముఖములమీదికి వెలుగును మళ్లించినది. ఆపైన పనివారందరికి వంట చేసి వడ్డించినది. మన దేశపు తొలి కథాచిత్రమునకు ఇల్లాలి చేయి ఇంతగా సాయపడినది.

మన బందరు సైతము ఈ చరిత్రకు దూరము కాదు. తెలుగు సినీమాకు పితామహునిగా పేరుపొందిన రఘుపతి వెంకయ్యనాయుడుగారు 1869లో మచిలీపట్టణమున జన్మించిరి. మద్రాసులో ఛాయాచిత్రశాల నడుపుకొనుచు, 1910 ప్రాంతమున బొమ్మతోబాటు పాటను వినిపించు క్రోనోమెగాఫోను అను యంత్రమును తెప్పించిరి. ఆ కాలపు పొట్టి చిత్రములను డేరాలలో చూపుచు బర్మా, సింహళముల దాక తిరిగిరి. మద్రాసులో గెయిటీ అను సినీమాశాలను కట్టించిరి. వారి కుమారుడు ప్రకాశ్ విదేశములలో విద్య నేర్చివచ్చి 1921లో "భీష్మప్రతిజ్ఞ"ను తీసెను. వెంకయ్యగారు 1941లో గతించిరి.

మరియొక యుదాహరణము. 1943లో అమెరికాలో మాయా డెరెన్, ఆమె భర్త అలెగ్జాండర్ హామిడ్ ఇరువురే కలిసి, లాస్ ఏంజెలిస్ నగరమందలి తమ యింటిలోనే పదునాలుగు నిమిషముల చిత్రమును తీసిరి. తాళపుచెవి, రొట్టె, కత్తి, మేడమెట్లు, కిటికీ ఇవియే వారి సామగ్రి. ఇల్లాలి చేతికందు వస్తువులతో ఒక కలవరమును, ఒక భయమును చూపిన ఆ చిత్రమును ప్రపంచములోని సినీమా విద్యార్థులు నేటికిని పాఠముగా చదువుచున్నారు.

వీరందరికి సామాన్యమగు గుణ మొకటి యున్నది. తమ చేతిలో లేనిదానిని వీరు కోరలేదు. కుండీలోని గింజ, పొరుగు తోట, సొంత యిల్లు: వీనిలో ఇమిడెడి కథనే పట్టిరి. మన పిల్లలు చేయు పొరపాటు దీనికి విరుద్ధము. పోలీసులు, ప్రమాదములు, పెండ్లిపందిళ్లు గల కథ వ్రాసికొని, దానికి మనుష్యులు దొరకక, ఆదివారము సాయంకాలమునకు నీరసించి మానివేయుదురు.

మన తీరమున మిగిలిన కథ

1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి బందరుమీద సముద్రము పొంగి వచ్చెను. ముప్పదివేలమంది ప్రాణములు పోయినవని చరిత్రకారులు వ్రాయుదురు. ఆ రాత్రి బ్రతికి బయటపడిన ఇల్లాండ్ర కంఠస్వరము మన చెవినబడుటకు మార్గము లేదు. మనిషి గొంతును పట్టి తిరిగి వినిపించు ఫోనోగ్రాఫు యంత్రమును ఎడిసన్ కనుగొన్నది 1877లో. చలనచిత్రము అంతకంటె వెనుకటిది కాదు.

అటుపై సరిగా నూరేండ్లకు, 1977 నవంబరు 19వ తేదీని దివిసీమ మునిగెను. కృష్ణ రెండు పాయలకును సముద్రమునకును నడుమనున్న ఆ సీమలో నాగాయలంక, కోడూరు ప్రాంతపు పల్లెలమీదికి ఉప్పెన తాటిచెట్టంత యెత్తున లేచి వచ్చినదని చూచినవారు చెప్పుదురు. పదివేలకు మించి జనము మరణించిరి. పశువులకు లెక్కయే లేదు. చెట్లకొమ్మలు పట్టుకొని తెల్లవారువరకు నిలిచి బ్రతికినవారు కలరు. ఆనాటికి గొంతును, బొమ్మను పట్టు యంత్రము లున్నవి. కాని అవి కొందరి చేతులలోనే యుండినవి. పల్లెటూరి స్త్రీ యెదుట వానిని నిలిపి ఓపికగా వినినవారు అరుదు.

ఆ దినమున ఇరువదేండ్ల యిల్లాలు నేడు ఏడుపదులకు చేరువగానున్న వృద్ధురాలు. ఆనాడు నలువదేండ్ల ప్రౌఢలుగా నుండినవారిలో పెక్కుమంది కాలగతి చెందిరి. నేడు యంత్రము ప్రతి యింట నున్నది. మాట చెప్పగలవారు తగ్గిపోవుచున్నారు. ఒక తీరమున యంత్రమును మాటయు కలిసియుండు కాలము మిక్కిలి కురుచ. మనము ఆ కాలమునందే యున్నాము. మన పిల్లల రెండు దినముల సెలవునకు ఇంతకంటె తగిన పని మాకు తోచుటలేదు.

ఉప్పెన కథయే కానక్కరలేదు. పెడనలో కలంకారీ అచ్చులు వేసి కాలువనీట బట్టలుతికిన చేతులు, బందరు చిలకలపూడిలో గిల్టునగలకు మెరుగు పెట్టిన చేతులు, గుడివాడ మాగాణులలో నాట్లు వేసిన చేతులు ఇప్పటికిని మాటలాడగలవు. ఒక వృద్ధురాలు, ఒక యిల్లు, ఒక పని, ఒక జ్ఞాపకము. ఇది ముగ్గురు పిల్లలకు సరిపోవు కథ.

రెండు దినముల పని

ముగ్గురిలో ఒకతె కెమేరా పట్టవలెను. ఒకతె పెద్దామెయొద్ద కూర్చుండి మాటలాడవలెను. మూడవ యామె శబ్దమును, వెలుగును కనిపెట్టుచు, తీసిన ప్రతి దృశ్యమును పుస్తకమున వ్రాసికొనవలెను. ఈ మూడవ పని చిన్నదని ఎవరును తలపరాదు. ఏది తీసితిమో, ఏది మిగిలినదో తెలియకనే పలు చిత్రములు చెడుచున్నవి.

అయిదు నిమిషములనగా మూడువందల సెకండ్లు. ఒక్కొక్క దృశ్యము ఎనిమిది సెకండ్లు నిలిచినచో ముప్పదియెనిమిది తునకలు చాలును. తునక కొకటికి పది నిమిషములు పట్టినను ఆరుగంటలకు కొంచెము మించును. రెండు దినములలో ఇమిడెడి పనియే యని దీనివలన తెలియుచున్నది. ఈ లెక్క ముందుగా కాగితముమీద వేసికొనిన పిల్లలు కంగారు పడరు.

మొదటి దినము ఉదయమున కెమేరా బయటికి తీయరాదు. ఊరక కూర్చుండి మాటలాడవలెను. ఆమె ఏ పని చేయుచుండిన ఆ పనిలో చేయి కలుపవలెను. చింతపండు గింజలు తీయుచునో, చేట చెరుగుచునో పెద్దవారు చెప్పు మాటలకును, కుర్చీలో కూర్చుండబెట్టి యడిగినప్పుడు చెప్పు మాటలకును భేదము మెండు. సాయంకాలమున ఆమె చేతులు, గుమ్మము, తులసికోట, కాలువరేవు, ఇంటికి వచ్చు దారి తీసికొనవలెను. కెమేరాను అటునిటు త్రిప్పరాదు. ఒక చోట నిలిపి, మనస్సులో పది అంకెలు లెక్కించువరకు కదల్పరాదు.

రెండవ దినము ఉదయమున మాట. గంటకు మించి అడుగరాదు. "అప్పుడు మీకెలా అనిపించింది?" అను ప్రశ్న వలన ప్రయోజనము లేదు, దానికి ఎవరైనను "ఏమి చెప్పను తల్లీ" అని నిట్టూర్తురు. "మామ్మగారూ, ఆ రోజు పొద్దున పొయ్యిమీద ఏం పెట్టారు?" అని యడిగి చూడుడు. "గాలి మొదలైనప్పుడు పిల్లలు ఎక్కడున్నారు? ఏ చెట్టు పట్టుకున్నారు? తెల్లవారాక మొదట ఎవరి గొంతు వినబడింది?" అని యడుగుడు. వస్తువు పేరు చెప్పగానే దాని వెనుక దినమంతయు నడచివచ్చును. ప్రశ్న అడిగిన పిమ్మట నోరు మూసికొని యుండుటయే అసలు విద్య. పెద్దామె మాట ఆపినప్పుడు తొందరపడి మరియొక ప్రశ్న వేయకుడు. ఆ మౌనము వెనుకనే తరచుగా ముఖ్యమైన మాట యుండును.

వెలుగు, శబ్దము

మధ్యాహ్నపుటెండ ముఖముమీద నల్లని నీడలు వేయును. ఉదయము ఎనిమిదిలోపున, సాయంకాలము నాలుగు దాటిన తరువాత వెలుగు మెత్తగా నుండును. వసారాలో ఆమె ముఖము బయటివైపు ఉండునట్లు కూర్చుండబెట్టవలెను. తెరచిన వాకిలి వెనుకకు వచ్చినచో ముఖము నల్లబడును. ఒకవైపు చీకటిగా నుండిన, ఉతికిన తెల్ల పంచె నొకదానిని ఎదురుగా పట్టుకొనిన చాలును. సరస్వతీబాయి పట్టిన దుప్పటి చేసిన పనియే అదియును చేయును. తీయుటకు ముందు ఫోను కంటిని మెత్తని నూలుగుడ్డతో తుడువవలెను. నడుమ పిలుపులు రాకుండ ఫోనును విమానపు మోడులో నుంచవలెను.

బొమ్మ కొంచెము మసకగా నున్నను చూచువారు క్షమింతురు. మాట వినబడకున్న క్షమింపరు. కెమేరా ఫోను దూరముగా నుండును గనుక, రెండవ ఫోనును ఆమె ఒడిదగ్గర నుంచి గొంతును వేరుగా పట్టవలెను. ఆరంభమున ఒకసారి చప్పట్లు కొట్టినచో, బొమ్మలో చేతులు కలిసిన క్షణమును, శబ్దములో చప్పుడు వినబడిన క్షణమును జతపరచి రెంటిని సులభముగా కలుపవచ్చును. ఫ్యాను, ఫ్రిజ్జు, ప్రక్కయింటి టీవీ ఆపించుట మూడవ పిల్ల బాధ్యత. మాట ముగిసిన పిమ్మట ఎవరును పలుకకుండ ఆ చోటి నిశ్శబ్దమునే ఒక నిమిషము పట్టి యుంచుకొనవలెను. తునకల నడుమ అతుకులు తెలియకుండ కప్పుటకు అది పనికివచ్చును. మంగినపూడి ఒడ్డున, హంసలదీవియొద్ద గాలిహోరు మాటను మ్రింగివేయును. అచట బొమ్మ మాత్రము తీసి, మాటను ఇంటిలోనే పట్టుట మేలు.

కూర్పులోని ధర్మము

తీసినదానిని కత్తిరించి కూర్చుటలోనే చిత్రము పుట్టుచున్నది. 1919లో మాస్కోలో స్థాపింపబడిన సినీమా పాఠశాలలో తొలినాళ్లలో ఫిల్ము దొరకలేదు. లెవ్ కులెషోవ్ అను ఉపాధ్యాయుడు తన విద్యార్థులచేత ఫిల్ము లేకయే, వేదికమీద, సినీమా దృశ్యములవలె అభ్యాసములు చేయించెను. ఆయన చేసిన పరీక్ష యొకటి ప్రసిద్ధము. నటుని ముఖము నొకదానినే, ఒకసారి సూపుగిన్నె ప్రక్కను, ఒకసారి శవపేటిక ప్రక్కను, ఒకసారి ఆడుకొను పాప ప్రక్కను చేర్చి చూపగా, చూచినవారు అతడు ఆకలిని, దుఃఖమును, వాత్సల్యమును ఎంతయో చక్కగా నటించెనని మెచ్చుకొనిరట. ముఖము మారలేదు, ప్రక్కనున్న బొమ్మ మారినది.

ఇది గొప్ప శక్తి, అపాయకరమైన శక్తియును. పెద్దామె మాటల నడుమ ఆమె చేతులను, గుమ్మమును, కాలువను చూపుచు గొంతును సాగనిచ్చినచో, కత్తిరించిన చోటులు తెలియవు, కథ చిక్కబడును. ఇది న్యాయమైన ఉపయోగము. ఆమె ముఖము ప్రక్కను ఎక్కడనో దొరికిన శవముల బొమ్మలను చేర్చి, ఏడుపు సంగీతము మ్రోగించిన, ఆమె చెప్పని మాటను ఆమెచేత చెప్పించిన ట్లగును. అట్టి పని చేయరాదు.

అనుమతి విషయము మరింత ముఖ్యము. ఎందుకు తీయుచున్నారో, ఎవరికి చూపుదురో ఆమెకు తెలియజెప్పి, ఆమె సరే యన్న పిమ్మటనే తీయవలెను. నడుమ "ఇక చాలు" అన్నచో ఆపవలెను. బిడ్డలను పోగొట్టుకొనిన తల్లిని కన్నీరు పెట్టించుట చిత్రమునకు విజయము కాదు. కూర్పు ముగిసిన పిమ్మట మొదటి ప్రదర్శనము ఆమెకే. ఆమె తీసివేయుమన్న మాటను తీసివేసిన తరువాతనే పదిమందికి చూపవలెను. ఈ మర్యాద పాటించు పిల్లలకు ఆ వీధిలో మరియొక యింటి తలుపు తెరచుకొనును.

ఇంటివారు చేయవలసినది

ఇక తల్లులకు, వదినలకు, అత్తలకు మా మనవి. ఈ పనికి డబ్బు ఎక్కువగా అక్కరలేదు. మీ తోడ్పాటు కావలెను. పిల్లలు ఎచటికి పోవుచున్నారో, ఎవరి యింటనుందురో ముందుగా కనుగొని, ఆ యింటివారితో మీరే యొకమాట చెప్పుడు. ఒంటరిగా పంపకుడు. దీపాలు పెట్టు వేళకు ఇల్లు చేరవలెనని గడువు పెట్టుడు. గడువున్న పని చక్కగా సాగును. సంగమముకడ, కాలువరేవులకడ బొమ్మకొరకు నీటిలోనికి దిగరాదని గట్టిగా చెప్పుడు. రైల్వేస్టేషనులవంటి చోటుల అనుమతి లేనిదే తీయరాదనియు చెప్పుడు. తుపానుల కాలమగు అక్టోబరు, నవంబరులలో తీరమునకు పంపకుడు. పుష్య మాఘములలో వెలుగును బాగుండును, ఉక్కయు నుండదు. పులిహోర, పెరుగన్నము, ఊరగాయ కట్టి యిచ్చిన యెడల వారికి భోజనమునకై అరపూట వ్యర్థము కాదు.

అంతకంటె ముఖ్యముగా, ఆ రెండు దినములు వారిని ఇంటి పనులకు నడుమ నడుమ పిలువకుడు. మగపిల్లవాడు బ్యాటు పట్టుకొని పోయినప్పుడు మనమెవ్వరము పిలువము గదా! ఆలిస్ గీకి ఆఫీసు పని ముగిసిన తరువాతనైన తీరిక దొరికినది. మన యాడపిల్లకు చదువును, ఇంటి పనియు ముగియునప్పటికి రాత్రియగును. రాత్రి వెలుగు లేదు.

చిత్రము పూర్తియైన పిమ్మట చివర ఊరి పేరు, తేదీ, ఇష్టమున్నచో మాటలాడినవారి పేరు తప్పక వ్రాయింపుడు. ప్రతిని రెండు మూడు చోటుల దాచుడు. ఒకటి ఆ పెద్దామె కుటుంబమున కిండు. ఫోను పోయినచో కథయు పోవు స్థితి యుండరాదు. అయిదు నిమిషముల చిత్రము పోటీలలో గెలుచునో లేదో మేమెరుగము. పదేండ్ల పిమ్మట మనుమరాలు తన ముత్తవ్వ గొంతు విని, "మా యింటి మాట యిలా ఉండేదా!" అనుకొనుటకు అది చాలును. ఈ శీతకాలమున రెండు దినములు, ముగ్గురు పిల్లలు, ఒక వసారా: ఇవి సమకూర్చుట మన చేతిలోని పనియే. మా సోదరీమణులలో కొందరైనను ఈ పనికి పూనుకొందురని ఆశించుచున్నాము.